శిలీంధ్రాలు – వాటిని అణచే ఔషధాలు

త్రిపురారం పరిసరాలలో వరి పండించే రైతుకు శిలీంధ్రం కొత్త శత్రువు కాదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు మూలంగా, ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలోని మెట్టభూములెన్నో మాగాణులైనాయి. తేమ పెరిగిన చోట పైరుతో పాటు తెగులు కూడా పెరుగుతుంది. వరి ఆకుపై నూలుకండె ఆకారపు మచ్చలు కనిపిస్తే అది అగ్గితెగులని, దుబ్బు మొదట పాము చర్మం వంటి పొడలు కనిపిస్తే అది పాముపొడ తెగులని మన రైతు పోల్చుకోగలడు. మొదటిదానికి ట్రైసైక్లజోల్, రెండవదానికి హెక్సాకొనజోల్ అడిగి తెచ్చుకుంటాడు. పురుగుల మందు తెగులుకు పనికిరాదని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంతటి వివేకం గల రైతే తన నడుముపై తామర లేచినప్పుడు దుకాణంలో ఏ ట్యూబు ఇస్తే అది పూసుకుంటున్నాడు. కోతలలో వరి ఆకు కంటికి తగిలితే తోచిన చుక్కలు వేసుకుంటున్నాడు. మొక్క విషయంలో ఉన్న తెలివిడి మనిషి విషయంలో లేకపోవడానికి కారణం, ఆ విషయాలను మన భాషలో విడమరచి చెప్పేవారు తక్కువ కావడమే. మేము వైద్యులం కాము, భాషను బోధించేవారం. కాని శాస్త్రవిషయాన్ని జనులకు తెలిసే మాటలలో చెప్పడం కూడా భాషా బోధకుల పనియే అన్న విశ్వాసంతో ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

శిలీంధ్రం అంటే ఏమి?

సంస్కృత కావ్యాలలో తొలకరికి నేలను చీల్చుకొని మొలిచే పుట్టగొడుగుకు శిలీంధ్రమని పేరు. నేటి శాస్త్రపరిభాషలో ఆ మాట అర్థం విస్తరించింది. పుట్టగొడుగులు, రొట్టెపై పట్టే బూజు, దోసెపిండిని పులియబెట్టడంలో పాలుపంచుకొనే ఈస్టు కణాలు, పైరు తెగుళ్ళు కలిగించే అనేక జీవులు, అన్నీ ఈ వర్గానివే. మన ఉర్దూ విద్యార్థులు ఫఫూంద్ అని వాడే మాట మన బూజుకు సమానం. వారు దాద్ అనేది మన తామర.

శిలీంధ్రాలకు పత్రహరితం లేదు. అందువల్ల తమ ఆహారాన్ని తామే తయారు చేసుకోలేవు. ఇతర పదార్థాలను కుళ్ళబెట్టి, ఆ రసాన్ని పీల్చుకొని బ్రతుకుతాయి. నేలమీద రాలిన ఆకును మట్టిగా మార్చే మహోపకారం వీటిదే. వీటిలో బహు కొద్ది జాతులు మాత్రమే మానవ శరీరాన్ని ఆశ్రయిస్తాయి. ఆ వ్యాధులను మూడు తరగతులుగా భావించుకోవచ్చు. చర్మం, వెంట్రుకలు, గోళ్ళను పట్టే తామర, సిబ్బెం వంటివి మొదటి తరగతి. నోటిలోను, జననాంగాలలోను తెల్లని పూతగా కనిపించే కాండిడా వ్యాధి వంటివి రెండవది. ఊపిరితిత్తులు, మెదడు, రక్తం వరకు చొరబడే ప్రాణాంతక వ్యాధులు మూడవది. మధుమేహం, క్యాన్సరు చికిత్స, ఎయిడ్స్ వంటి కారణాల వల్ల శరీర రక్షణశక్తి సన్నగిల్లిన వారికే ఈ మూడవ తరగతి వ్యాధులు ఎక్కువగా వస్తాయి.

పెన్సిలిన్ ఎందుకు పనిచేయదు?

జ్వరానికి, పుండుకు పనిచేసిన పెన్సిలిన్ తామరకు ఎందుకు పనిచేయదని విద్యార్థులు అడుగుతూ ఉంటారు. బాక్టీరియా కణం నిర్మాణం వేరు, మన కణం నిర్మాణం వేరు. బాక్టీరియాకు కేంద్రకం లేదు. దాని కణకుడ్యం పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో తయారవుతుంది. పెన్సిలిన్ ఆ కుడ్య నిర్మాణాన్ని అడ్డుకొంటుంది. మన కణాలకు ఆ గోడయే లేదు కనుక మనకు హాని లేదు. శిలీంధ్ర కణానికి గోడ ఉన్నది గాని, అది వేరే సరుకుతో కట్టినది. కనుక పెన్సిలిన్ దానిని ఏమీ చేయలేదు.

అంతకు మించిన చిక్కు మరొకటి ఉన్నది. శిలీంధ్రం బాక్టీరియా కంటె మనకే దగ్గరి చుట్టం. దానికి మనవలె కేంద్రకం ఉన్నది, మనవలె అనేక ఎంజైములు ఉన్నవి. దానిని చంపే విషం మనలను కూడా బాధించే అవకాశం ఎక్కువ. అందువల్లనే బాక్టీరియాపై పనిచేసే మందుల జాబితా పొడవుగా ఉండగా, శిలీంధ్రాలపై పనిచేసే మందుల తరగతులు వ్రేళ్ళపై లెక్కించదగినంత మాత్రమే ఉన్నవి.

అయినప్పటికీ రెండు ముఖ్యమైన భేదాలు శాస్త్రజ్ఞులకు దొరికినవి. మన కణపు పొరలో కొలెస్టెరాల్ ఉంటుంది. శిలీంధ్ర కణపు పొరలో దానికి బదులు ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఈ పేరు ఎర్గాట్ అనే శిలీంధ్రాన్ని బట్టి వచ్చినది. సజ్జ, జొన్న కంకులపై తేనెబంక తెగులు కలిగించేవి ఆ కుటుంబపు శిలీంధ్రాలే. రెండవ భేదం, శిలీంధ్రానికి గ్లూకాన్, కైటిన్ అనే పదార్థాలతో కట్టిన గోడ ఉండడం, మనకు లేకపోవడం. నేటి మందులలో అధికభాగం ఈ రెండు భేదాల పైననే ఆధారపడి ఉన్నవి.

మందులు పుట్టిన తీరు

పూర్వకాలపు మందులు చర్మాన్ని ఒలిచేవి. ఆర్థర్ విట్ఫీల్డ్ అనే ఆంగ్ల చర్మవైద్యుని పేరుతో ప్రసిద్ధమైన లేపనంలో బెంజాయిక్ ఆమ్లం, సాలిసిలిక్ ఆమ్లం కలిసి ఉంటాయి. రెండవది చర్మపు పైపొరను ఊడదీస్తుంది. ఆ పొరతో పాటు శిలీంధ్రం కూడా రాలిపోతుంది. మొదటిది మిగిలినదాని పెరుగుదలను ఆపుతుంది. చౌకయైన ఈ లేపనానికి నేటికీ విలువ పోలేదు.

ఆ తరువాతి చరిత్రలో మన తెలుగువానికి కూడా కొంత సంబంధం ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు డైరెక్టరుగా ఉన్న కాలంలో, మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే ఔషధాన్ని బెంజమిన్ డగ్గర్ వెలికితీశాడు. 1948లో అది లోకానికి వెల్లడి అయినది. ఆ సంవత్సరమే సుబ్బారావు కన్నుమూశారు. అనేక రకాల బాక్టీరియాను నశింపజేసే ఇటువంటి మందుల వాడకం పెరిగిన కొద్దీ వేరొక చిక్కు బయటపడింది. ప్రేగులలోను, నోటిలోను సహజంగా ఉండే బాక్టీరియా నశించగా, ఆ ఖాళీ చోటును కాండిడా ఆక్రమించుకోసాగింది. శిలీంధ్రాలకు వేరే మందు కావలసిన అవసరం అప్పుడు మరింత స్పష్టమయింది.

ఆ అవసరాన్ని మొదట తీర్చినవారు ఇద్దరు మహిళలు. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో పనిచేసిన ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్‌లలో ఒకరు న్యూయార్క్ నగరంలోను, మరొకరు ఆల్బనీలోను ఉండి, నమూనాలను తపాలాలో పంపుకొంటూ పరిశోధన సాగించారు. వర్జీనియాలోని ఒక పొలపు మట్టి నుండి తీసిన సూక్ష్మజీవిలో వారికి నిస్టాటిన్ లభించింది. 1950లో దానిని ప్రకటించారు. తమ రాష్ట్రం పేరులోని అక్షరాలతోనే మందుకు పేరు పెట్టారు. దానిపై వచ్చిన కోటీ ముప్పయి లక్షల డాలర్లకు పైబడిన ఆదాయాన్ని తాము తీసుకొనక పరిశోధనలకే విడిచిపెట్టారు. 1966లో ఇటలీలోని ఫ్లారెన్స్ నగరాన్ని వరదలు ముంచెత్తినప్పుడు, తడిసిన చిత్రపటాలపై బూజును అరికట్టడానికి కూడా ఈ మందు ఉపయోగపడింది.

సుబ్బారావు స్మృతికి కూడా శిలీంధ్రశాస్త్రంలో చోటు దక్కింది. 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు తాను కనుగొన్న ఒక కొత్త శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశాడు.

ఔషధాలు పనిచేసే విధానం

నేటి మందులను అవి దెబ్బతీసే చోటును బట్టి వర్గీకరించడం సులభం.

మొదటి వర్గం పాలీన్లు. నిస్టాటిన్, ఆంఫోటెరిసిన్-బి, నాటామైసిన్ ఈ వర్గంలోనివి. ఇవి శిలీంధ్రపు పొరలోని ఎర్గోస్టెరాల్‌ను పట్టుకొంటాయి. ఆంఫోటెరిసిన్ ఆ పొరలో రంధ్రాలు చేయగా, లోపలి పొటాషియం వంటి లవణాలు కారిపోయి కణం మరణిస్తుంది. ఎర్గోస్టెరాల్‌ను స్పంజివలె పొర నుండి లాగివేయడం కూడా దాని మారకశక్తికి కారణమని తరువాతి పరిశోధనలు తెలిపినవి. ఈ మందు మన కొలెస్టెరాల్‌ను కూడా కొంతవరకు పట్టుకొంటుంది. అందువల్లనే మూత్రపిండాలకు హాని, చలిజ్వరం కలుగుతాయి. ఈ హానిని తగ్గించడానికి మందును సూక్ష్మమైన కొవ్వు గోళాలలో పొదిగి ఎక్కించే లైపోసోమల్ పద్ధతి వచ్చినది.

రెండవ వర్గం అజోల్‌లు. క్లోట్రిమజోల్, కీటోకొనజోల్, ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్ మొదలైనవి ఇందులో చేరుతాయి. ఇవి ఎర్గోస్టెరాల్‌ను ముట్టవు. దానిని తయారుచేసే ఎంజైములలో ఒకదానిని స్తంభింపజేస్తాయి. ఇటుకలు రాకపోతే గోడ పని ఆగినట్లు పొర బలహీనమై శిలీంధ్రం పెరుగుదల నిలిచిపోతుంది. పాముపొడ తెగులుపై చల్లే హెక్సాకొనజోల్ కూడా ఇదే వర్గానిది, దెబ్బతీసే చోటు కూడా అదే. అయితే పైరు మందును మనిషి ఎన్నడూ వాడరాదు. దాని మోతాదు, శుద్ధి, కలిపిన ద్రావకాలు అన్నీ వేరు.

మూడవ వర్గంలో ముఖ్యమైనది టెర్బినఫిన్. ఇది ఎర్గోస్టెరాల్ తయారీలో ఇంకా మొదటి మెట్టునే అడ్డుకొంటుంది. దానివల్ల ఒకవైపు పొరకు సరుకు అందదు. మరొకవైపు స్క్వాలీన్ అనే పదార్థం కణంలో పేరుకొని విషమవుతుంది. అందుకే తామర శిలీంధ్రాలను ఇది చంపగలుగుతుంది.

నాలుగవది గ్రిసియోఫుల్విన్. 1939లో పెన్సిలియం జాతి బూజు నుండి వేరుచేసిన ఈ పదార్థాన్ని 1958లో గినీపందుల తామరపై ప్రయోగించి ఫలితం చూశారు. ఇది శిలీంధ్ర కణవిభజనను ఆపుతుంది. కడుపులోకి తీసుకొన్న మందు కొత్తగా పుట్టే చర్మం, వెంట్రుక, గోరులలో చేరి నిలుస్తుంది. పాతభాగం రాలి కొత్తది పూర్తిగా వచ్చేవరకు మందు మానరాదనడానికి హేతువు ఇదే. కొవ్వు గల ఆహారంతో తీసుకొంటే ఇది బాగా వంటబడుతుంది.

ఐదవ వర్గం ఎకైనోకాండిన్‌లు. కణకుడ్యంలోని గ్లూకాన్ తయారీని ఇవి ఆపుతాయి. మనకు ఆ గోడ లేదు కనుక ఇవి మనకు తక్కువ హానికరాలు. 2001లో అమెరికాలో అనుమతి పొందిన కాస్పోఫంగిన్ వీటిలో మొదటిది. దీనిని సూది ద్వారానే ఇస్తారు.

తామర: తొందరపాటు చికిత్సల ఫలితం

తామర శిలీంధ్రం చర్మంలోని మృతమైన పైపొరలో ఉండే కెరటిన్‌ను తిని జీవిస్తుంది. ఒకచోట మొదలై చుట్టూ వ్యాపిస్తుంది. మధ్యభాగం కొంత మానినట్లుండి, అంచు ఎర్రగా పొక్కి ఉంగరంవలె కనిపించడం అందువల్లనే. బలమైన శిలీంధ్రం ఆ అంచులోనే ఉంటుంది. కాబట్టి మందును మచ్చ నడుమ మాత్రమే కాక, అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు పూయాలి. చర్మం పైపొర పూర్తిగా మారడానికి కొన్ని వారాలు పడుతుంది. దురద తగ్గిన మూడవనాడే మందు ఆపినవారికి తామర తిరిగి రావడంలో ఆశ్చర్యం లేదు. మచ్చ కనుమరుగైన తరువాత కూడా కొన్నాళ్ళు, సాధారణంగా రెండు వారాలు, పూత కొనసాగించాలి.

మన ప్రాంతంలో జరుగుతున్న పెద్ద అనర్థం స్టెరాయిడ్ కలిసిన పూతమందులు. బెటామెథసోన్, క్లోబెటాసాల్ వంటి స్టెరాయిడ్‌లు ఎరుపును, దురదను రెండు రోజులలో అణచివేస్తాయి. రోగి జబ్బు కుదిరిందనుకొంటాడు. నిజానికి అణగినది శిలీంధ్రం కాదు, దానితో పోరాడుతున్న మన చర్మపు రక్షణశక్తి. కాపలాదారుని నిద్రపుచ్చితే ఇంట్లో సద్దు అణగుతుంది. దొంగ మాత్రం లోపలనే ఉంటాడు. పూత ఆపగానే తామర రెట్టింపై లేస్తుంది, ఆకారం మారి వైద్యునికి కూడా పోల్చరాకుండా పోతుంది, చర్మం పలుచబడి తొడలపై చారలు పడతాయి. ఈ దుర్వినియోగాన్ని గమనించి 2018లో కేంద్రప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని షెడ్యూల్ హెచ్‌లో చేర్చినది.

ఈ అరకొర చికిత్సల నడుమ మన దేశంలో మొండి తామర ప్రబలింది. దానికి కారణమైన శిలీంధ్రాన్ని 2020లో జపాను శాస్త్రజ్ఞులు ట్రైకోఫైటాన్ ఇండోటీనియై అని పేర్కొన్నారు. మన దేశం పేరు ఒక వ్యాధికారకానికి అంటుకోవడం సంతోషించదగిన విషయం కాదు. టెర్బినఫిన్ పట్టుకోవలసిన ఎంజైము ఆకారం మారిన రకాలు దీనిలో అనేకం. తాళం మారితే పాత చెవి పనిచేయదు కదా! 2023 నాటికి న్యూయార్క్ నగరంలో కూడా ఈ వ్యాధి బయటపడినట్లు అక్కడి ఆరోగ్యశాఖలు ప్రకటించినవి.

మందుతో పాటు పాటించవలసినవి కొన్ని ఉన్నవి. ఇంటిల్లిపాదిలో ఎందరికి ఉంటే అందరూ ఒకేసారి చికిత్స పొందాలి. తువ్వాలు, దుప్పటి, లోదుస్తులు ఎవరివి వారికే ఉండాలి. వాటిని వేడినీట ఉతికి ఎండలో ఆరవేయాలి. నాట్లు వేసి బురదలో గంటల తరబడి నిలిచే స్త్రీల కాలివేళ్ళ సందులు నాని పాచిపోతాయి. వారు ఇంటికి రాగానే కాళ్ళు కడిగి వేళ్ళ నడుమ పొడిగుడ్డతో అద్దుకోవాలి. దినానికి ఐదుమార్లు వజూ చేసేవారు కూడా తడి వేళ్ళతో చెప్పులు, మేజోళ్ళు తొడుగుకొనక తుడుచుకోవడం మేలు.

కన్ను: ఆలస్యానికి చోటులేని అవయవం

తామర బాధిస్తుంది గాని ప్రాణం తీయదు. కంటి విషయం అట్లు కాదు. కోతలలోను, నూర్పిళ్ళలోను వరి ఆకు, గడ్డిపోచ, ఊక కంటికి తగిలినప్పుడు నల్లగుడ్డుపై ఉండే పారదర్శకమైన కార్నియా చిట్లుతుంది. ఆ చిన్న గీత గుండా మట్టిలోని, ఆకుపైని శిలీంధ్ర బీజాలు ప్రవేశిస్తాయి. హైదరాబాదులో 1987లో ప్రారంభమైన ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 1991 నుండి 2000 వరకు చూసిన 1,352 మంది రోగుల వివరాలను 2002లో ప్రకటించింది. వారిలో సగానికి పైగా కంటికి దెబ్బ తగిలిన తరువాతనే వ్యాధికి లోనైనారు. పురుషులు స్త్రీల కంటె రెండున్నర రెట్లు ఎక్కువ. వానాకాలంలోను, చలికాలంలోను వ్యాధి అధికం. కారకాలలో నూటికి 37 వంతులు ఫ్యుజేరియం, సుమారు 31 వంతులు ఆస్పర్జిల్లస్.

ఈ వ్యాధికి నాటామైసిన్ చుక్కలు ముఖ్యమైన మందు. మన పొరుగున తమిళనాట జరిగి 2013లో వెలువడిన పరీక్షలో, కొత్తదైన వోరికొనజోల్ కంటె పాతదైన నాటామైసినే, విశేషించి ఫ్యుజేరియంపై, మెరుగని తేలింది. చుక్కలను మొదట గంటకొకసారి వేయవలసి వస్తుంది. పుండు మానడానికి వారాలు పడుతుంది. కార్నియాను గీకి తీసిన నమూనాను సూక్ష్మదర్శినిలో చూస్తే శిలీంధ్రపు పోగులు ఆనాడే బయటపడతాయి. ఆ పరీక్ష జరగకముందే స్టెరాయిడ్ చుక్కలు వేస్తే శిలీంధ్రం నిరాటంకంగా లోపలికి పాకుతుంది. ఆకుపసరు, చనుబాలు వేయడం మరింత ప్రమాదం. కంటికి ఆకు తగిలి, మరునాటికి ఎరుపు, నీరు కారడం, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే కంటివైద్యుని వద్దకు వెళ్ళాలి. కోత కూలి ఒక దినం పోతే మరల సంపాదించుకోవచ్చు. చూపు పోతే మరల రాదు.

2021 నేర్పిన పాఠం

2021 వేసవిలో కోవిడ్ రెండవ విజృంభణ వెంట మ్యూకర్‌మైకోసిస్ వచ్చిపడింది. జనులు దానిని బ్లాక్ ఫంగస్ అన్నారు. అదుపులేని మధుమేహానికి స్టెరాయిడ్‌ల అతివాడకం తోడైనప్పుడు ముక్కు, కన్ను, మెదడులను ఈ శిలీంధ్రం కబళించింది. ఆ సంవత్సరం మే 20న తెలంగాణ ప్రభుత్వం దీనిని తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాదులోని కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రి, గాంధీ ఆసుపత్రి చికిత్సకు కేంద్రాలైనవి. జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా రోగులు నమోదైనారు. ఫ్లూకొనజోల్ గాని, వోరికొనజోల్ గాని ఈ శిలీంధ్రంపై పనిచేయవు. కుళ్ళిన భాగాన్ని శస్త్రచికిత్సతో తొలగించి, ఆంఫోటెరిసిన్-బి ఇవ్వవలసినదే. ఆ మందు కొరతతో ఎన్ని కుటుంబాలు ఊరూరా తిరిగాయో మనమందరం ఎరుగుదుము. అప్పుడు ఉత్పత్తికి కొత్తగా అనుమతి పొందిన సంస్థలలో హైదరాబాదులోని నాట్కో ఒకటి.

ఒక శిలీంధ్రపు మందు మరొకదానికి పనిచేయదన్న సత్యం ఆనాడు ఇంటింటికీ తెలిసింది. మందును పొదుపుగా వాడవలసిన అవసరం కూడా ఉన్నది. పొలాలపై అజోల్‌లు విస్తారంగా చల్లిన చోట, మట్టిలోని ఆస్పర్జిల్లస్ ఆ మందులకు లొంగని శక్తిని సంపాదించుకోవడం నెదర్లాండ్స్‌లోను, తరువాత మన దేశంలోను గమనించారు. పొలానికి, ఆసుపత్రికి నడుమ గోడ లేదు. తెగులు కనిపించకముందే తోచినంత చల్లడం మాని, మన మండలంలోని కంపాసాగర్ వ్యవసాయ పరిశోధన స్థానం వంటి చోట్ల సలహా పొంది, చెప్పిన మోతాదులో చల్లడం పైరుకే కాక మనిషికి కూడా రక్ష.

విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇంతే. మీ ఇంటిలో తామర ట్యూబు ఉంటే, దానిపై ముద్రించిన పేర్లను చదవండి. చివర "సోన్" అనో, "సాల్" అనో ఉన్న పేరు కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉండవచ్చునని అనుమానించి, వైద్యుని అడగనిదే పూయవద్దని పెద్దలకు చెప్పండి. గర్భిణులకు, కాలేయవ్యాధి గలవారికి ఈ మాత్రలలో కొన్ని హాని చేస్తాయని గుర్తు చేయండి. కోతల కాలంలో కంటికి ఆకు తగిలినవారిని ఆ దినమే వైద్యుని వద్దకు తీసుకొని పోండి. చదువుకొన్నవారు ఇంటిలో ఒక్కరున్నా ఈ మాత్రం పని జరగాలి. చదువుకు ప్రయోజనం పరీక్షలో మార్కులే కాదు, పక్కవాని కన్ను కాపాడడం కూడా.